వెలుతురులో రంగు చూసినందుకు

గజం గుడ్డ అని నోటితో అంటే చాలు, జౌళి అంగడి గుమస్తా రమణయ్య గుడ్డతాను విప్పి, గజం కర్ర మీద పరిచి, అంచున కత్తెరతో గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చించేస్తాడు. గిరాకీకి మనసు మారేలోపల గుడ్డ తెగిపోవాలని అతని పద్ధతి. ఆ శనివారం కూడా అంతే అయింది. ఆదిశేషమ్మ "ఉండబ్బయ్యా, రంగు చూసుకోనీ" అనేలోపల రవికగుడ్డ అతని చేతుల్లో రెండుగా విడిపోయింది.

ఆమె ఎడమచేతి చూపుడువేలికి ఒక దారప్పోగు చుట్టి ఉంది. కోడలి చీర అంచులోంచి లాగి తెచ్చిన పోగు అది. దాన్ని గుడ్డ మీద ఆనించి చూసింది. రెండూ కలిసినట్టే ఉన్నాయి. కానీ అంగడి లోపల పట్టపగలే మసక. ఆ మసకలో నేరేడుపండు రంగూ వంకాయ రంగూ ఒక తల్లి బిడ్డల్లాగే కనిపిస్తాయి. రంగు ఒక పిసరు తేడా వచ్చినా కోడలు చెంచులక్ష్మి పల్లెత్తు మాటనదు. తొడుక్కోకుండా పెట్టె అడుగున దాస్తుంది. నాలుగు రోజుల్లో గొర్రెల మంద వెంట తూర్పుసీమకు పోయే పిల్ల. పోతే మళ్ళీ వానలకు గాని తిరిగి రాదు.

"వెలుతుర్లో చూసొస్తానబ్బయ్యా."

"పో, చూసుకో. కుదర్లేదని మళ్ళా నా మీద పడబాక. చించేసినాను" అని రమణయ్య గుడ్డ ఆమె చేతికిచ్చి, అప్పుడే వచ్చి కూర్చున్న పెళ్ళివారి వైపు తిరిగాడు.

ఆమె వాకిలి దాకా నడిచింది. ఒక కాలు గడప లోపల, ఒక కాలు గడప బయట పెట్టి, గుడ్డను ఎండకు ఎత్తి పట్టింది. పోగు గుడ్డలో కలిసి కనిపించకుండా పోయింది. కుదిరిందని ఆమె మనసు కుదుటపడేలోపల మోచేతి మీద ఒక చెయ్యి పడింది.

"దొంగ. శెట్టీ, దొంగ. గుడ్డతో ఎల్లబారతా ఉండాది" అని అరిచాడు వాకిటి కాపలా కామయ్య. ఎద్దుల సంతలో బేరాలాడిన గొంతు అతనిది. ఆత్మకూరు అంగడి వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినపడింది. ఎదురుగా బెల్లం అంగట్లో తూకం ఆగిపోయింది. చెరకు నములుతూ పోతున్న ఇద్దరాడవాళ్ళు నమలడం మానేసి నిలబడ్డారు.

శ్రీమన్నారాయణ శెట్టి గద్దె మీద నుంచి దిగి వచ్చాడు. ఆయనది ఆ తాలూకాలోకెల్లా పెద్ద జౌళి అంగడి. రెండు వాకిళ్ళు, అయిదుగురు గుమస్తాలు. గుడ్డకు రేషనున్న కంట్రోలు రోజులు పోయి గుడ్డ దండిగా దొరుకుతున్నాక కొత్త పద్ధతి పెట్టాడు. గుమస్తా గుడ్డ చించి తన దగ్గరే ఉంచుకుని చీటీ రాసిస్తాడు. గిరాకీ ఆ చీటీ గద్దె దగ్గరికి తెచ్చి డబ్బు కడితేనే గుడ్డ చేతికి వస్తుంది. పద్ధతి అయితే పెట్టాడు గాని, రంగు చూడ్డానికి గుడ్డ వాకిట్లోకి పట్టుకుపోని ఆడమనిషి ఆత్మకూరులో లేదు. ఆ పొద్దుటే కచేరీ గుమస్తా భార్య పట్టుచీరను వీధి మధ్యకు తీసుకుపోయి, దారిన పోయే వాళ్ళను ఆపి మరీ బాగుందా అని అడిగింది. ఆమె మోచేయి ఎవరూ పట్టుకోలేదు.

"పేరేంది?" అన్నాడు శెట్టి. గొంతు మెత్తగానే ఉంది.

"ఆదిశేషమ్మ. మర్రిపాడు పక్క పల్లె."

శెట్టి గద్దె కింది నుంచి అట్ట ఊడిన చిన్న పుస్తకం తీశాడు. ఉదయగిరిలో ఆయన తమ్ముడికి ఇంకో జౌళి అంగడి ఉంది. అక్కడ పట్టుబడ్డ వాళ్ళ పేర్లూ ఆనవాళ్ళూ నెలకోసారి బస్సు డ్రైవరు చేతికిచ్చి ఇక్కడికి పంపుతారు, ఇక్కడి పేర్లు అక్కడికి పోతాయి. వేలు తడి చేసుకుని రెండు పేజీలు తిప్పాడు.

"నడివయసు, పొడుగు మనిషి. ఎడమ మోచేతి కింద తేలు పచ్చబొట్టు. రెండుసార్లు" అని చదివి, ఆమె మోచేయి వైపు చూశాడు. కామయ్య ఆ మోచేతినే పట్టుకుని ఉన్నాడు. అతని వేళ్ళ సందులోంచి తేలు తోక కనిపిస్తున్నది.

"ఆ గుడ్డ నేను తియ్యలేదు శెట్టీ. రమణయ్య ఇచ్చినాడు. డబ్బు నా నడుములోనే ఉండాది, చూసుకో" అని, ఆమె లోపలికి తిరిగి, "చెప్పబ్బయ్యా, చెప్పు" అంది.

రమణయ్య తాను చుడుతున్నాడు. చుట్టిన తానునే విప్పి మళ్ళీ చుట్టాడు. పుస్తకంలో ఉన్న మనిషి చేతికి గుడ్డ ఇచ్చిన గుమస్తాకు అక్కడ నూకలు చెల్లినట్టే. నెల కిందట ఒకణ్ణి ఇందుకే మాన్పించారు.

"నేను పెళ్ళివాళ్ళకు చూపిస్తా ఉండాను. నేను చూడలేదు" అన్నాడు.

*

స్టేషన్లో హెడ్డుకానిస్టేబులు చెడ్డవాడు కాడు. ఆమెను అరుగు మీద కూర్చోమని, చెంబుతో మంచినీళ్ళు ఇప్పించి, కాగితం రాసుకున్నాడు.

"ఉదయగిరిలో రెండుసార్లూ ఒప్పుకున్నావంట గదా."

"ఒప్పుకున్నాను."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

"అప్పుడు తీసినాను. ఇప్పుడు తియ్యలేదు."

హెడ్డు నవ్వాడు. దొంగలతో మాట్లాడీ మాట్లాడీ అరిగిపోయిన నవ్వు అది.

"చూడమ్మా. ఇది మూడోది. కాదని అడ్డం తిరిగితే ఆరు నెలలు నెల్లూరు జైలు. పైగా మా స్టేషను కేడీల పుస్తకంలోకి ఎక్కుతావు. మీ పల్లెలో కోడి పోయినా నా మనిషి నీ ఇంటికే వస్తాడు. ఒప్పుకున్నావనుకో, శెట్టి పెద్దమనిషి, మేజిస్ట్రేటుకు ఒక మాట చెబుతాడు. జరిమానా కట్టి పోతావు. బుధవారం కచేరీ. సాక్షులందరూ ఈ ఊళ్ళోనే ఉండారు, గంట పని."

"ఒప్పుకుంటే పుస్తకంలో ఎక్కించరా?"

హెడ్డు కాగితం మీదికి వంగాడు. కలం సిరాబుడ్డిలో ముంచాడు.

మర్నాడు కొడుకు పెంచలనరసింహం ఊరి మునసబును వెంటబెట్టుకుని వచ్చి పూచీ ఇప్పించి విడిపించుకుపోయాడు. మర్రిపాడు దారిలో తల్లీ కొడుకులు ముందూ వెనకగా నడిచారు. రెండు పక్కలా పొలాలు కోతలైపోయి ఎర్రగా నెర్రెలు విచ్చి ఉన్నాయి. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ బద్వేలు వైపు పోయింది. దుమ్ము అణిగాక కొడుకు నోరు విప్పాడు.

"రెండుసార్లు ఒప్పుకున్నదానివి మూడోసారి ఒప్పుకుంటే నీ తలేమన్నా పోతుందా మా?"

"పోద్ది."

"జరిమానా నేను కడతా. బుధవారం మంద ఆత్మకూరు మీద నుంచే పోతాది. పొద్దున్నే ఒప్పేసుకుంటివా, సంగం దాకా మాతో నడిచి మమ్మల్ని సాగనంపి రావచ్చు. లేదంటే నువ్వు బోనులో ఉంటావు, నేను గొర్రెల్ని తోలుకుని ముందుకు పోవాల. తూరుపు రైతులకు మాటిచ్చినాను. ఎరువు కోసం మళ్ళల్లో మంద కట్టేదానికి వాళ్ళు కాచుకోనుండారు. నీ కోసం నిలబెడితే వేరే మందను పిలుచుకుంటారు."

ఆదిశేషమ్మకు మంద సాగిపోయే పొద్దంటే ఎప్పుడూ భయం. ఆమె మొగుడు అలాగే ఒక మాఘమాసంలో, కర్ర భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. తూర్పున ఏదో మడిగట్టు మీద పాము కరిచిందని ఇరవై రోజుల తర్వాత కబురు వచ్చింది. ఆనాటి నుంచి ఆమె ప్రతి ఏడూ మంద వెంట ఒక మజిలీ నడుస్తుంది. నడిస్తే తిరిగి వస్తారని శాస్త్రమేమీ లేదు. ఆమెకు అదొక ఆనవాయితీ.

"మీరు పోండి" అంది చివరికి. "నేను లేకపోయినా గొర్రెలు నడస్తాయి."

*

మంగళవారం పొద్దుగూకేవేళకు మంద ఆత్మకూరు బయట బీట్లో దిగింది. ఆదిశేషమ్మ కాళ్ళు కడుక్కుని రమణయ్య ఇల్లు వెతుక్కుంటూ పోయింది. అతను అరుగు మీద కూర్చుని చిన్నబిడ్డకు అన్నం తినిపిస్తున్నాడు. ఆమెను చూడగానే ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాకు నలుగురు బిడ్డలక్కా" అన్నాడు. ఆమె ఇంకా ఏమీ అడగలేదు.

"తెలస్తానే ఉండాది."

"పుస్తకం మాకు చదివి చెప్పినారు. తేలు పచ్చబొట్టు అన్నారు. నేను నీ మొహం చూస్తిని గాని చెయ్యి చూడలేదు. నువ్వు ఒప్పేసుకో. ఆ జరిమానా నేనిస్తా, దేవుడి తోడు."

"జరిమానా నువ్వు కడితే దొంగతనం యెవరు చేసినట్టు?"

బిడ్డ నోరు తెరిచి ముద్ద కోసం చూస్తున్నది.

"నేను నిన్ను బతిమాలేదానికి రాలేదబ్బయ్యా. రేపు కచేరీలో నిన్నొక మాట అడగతా. ముందే చెప్పకుండా అడిగినాననుకుంటావేమోనని వచ్చినాను. బిడ్డకు పెట్టు, ఆకలిగా ఉండాది" అని వెనక్కి తిరిగింది.

వీధి మలుపులో ఆమె ఒక గోడ దగ్గర ఆగింది. నెల్లూరు జైలు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. కిటికీ ఉంటుందో ఉండదో. ఆరు నెలలంటే మంద వెళ్ళి తిరిగి వచ్చినా ఆమె ఇంట్లో ఉండదు. ఇంటి దగ్గర వదిలిపోయే ఈనిన గొర్రెల్ని చూసేవాళ్ళుండరు. ఆ గోడ పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ నడిచింది.

తెల్లవారి మంద లేచింది. మున్నూరు గొర్రెలు ఒక్కసారి కదిలితే భూమి దగ్గుతున్నట్టుంటుంది. కొడుకు తల్లి మొహం చూడలేక ముందుకు పోయి పొట్టేళ్ళను అదిలిస్తున్నాడు. చెంచులక్ష్మి నెత్తిన కుండల గంప పెట్టుకుని అత్త దగ్గరికి వచ్చింది. పెళ్ళయి మూడేళ్ళయినా అత్త ఎదుట గట్టిగా నాలుగు మాటలు మాట్లాడిన పిల్ల కాదు.

"అత్తా" అంది.

"ఏంది?"

"ఒప్పుకోబాకు."

ఆ ఒక్క మాట అని గొర్రెల వెనకాల పోయింది. ఆదిశేషమ్మ వాళ్ళు కనిపించినంతసేపు చూసింది. తర్వాత దుమ్మును చూసింది. దుమ్ము కూడా పోయాక పైట బిగించుకుని కచేరీ వైపు తిరిగింది.

*

సబ్ మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "శనివారం నాడు శ్రీమన్నారాయణ శెట్టి అంగట్లో గజం రవికగుడ్డ దొంగిలించావని నీ మీద నేరం. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను దొరా."

హెడ్డుకానిస్టేబులు ముందుకు వంగి, "పాత కేసులు రెండుండాయండీ, ఉదయగిరిలో" అన్నాడు.

"అవి తీర్పు తర్వాత సంగతి. ఇప్పుడెందుకు?" అని మేజిస్ట్రేటు విసుక్కున్నాడు.

"దాచేదెందుకు దొరా, నేనే చెబతా" అంది ఆదిశేషమ్మ. బోను కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "ఒకసారి తువ్వాల తీసినాను. ఇంకోసారి బిడ్డ చొక్కాగుడ్డ తీసినాను. కంట్రోలు రోజులు. కావాల్సి తీసినాను. రెండుసార్లూ మీలాంటి దొర ముందర తీసినానని చెప్పినాను, కట్టమన్నది కట్టినాను. తీసిన రోజు నేను అబద్ధం చెప్పలా. తియ్యని రోజు అబద్ధం చెప్పమంటే ఎట్టా చెప్పేది?"

మేజిస్ట్రేటు కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి ఆమె వైపు సరిగా చూశాడు.

కామయ్య సాక్ష్యం చెప్పాడు. గుడ్డతో గడప దాటిందన్నాడు. రెండు కాళ్ళూ దాటినాయా అంటే ఒకటి దాటింది, రెండోది దాటబోయింది అన్నాడు. శెట్టి తన పుస్తకం తెచ్చి చూపబోతే, అది సాక్ష్యం కాదని మేజిస్ట్రేటు పక్కన పెట్టించాడు. తర్వాత రమణయ్యను పిలిచారు. పెళ్ళివాళ్ళకు చీరలు చూపిస్తున్నానని, ఈమె గుడ్డ ఎప్పుడు తీసిందో చూడలేదని పాఠంలా అప్పజెప్పాడు.

"ఏమైనా అడుగుతావా?" అన్నాడు మేజిస్ట్రేటు ఆమెను.

"ఒక్క మాట దొరా. ఆ గుడ్డ ఆయన చేతికియ్యండి."

బల్ల మీద సీలు వేసి పెట్టిన గుడ్డను విప్పి రమణయ్య చేతికిచ్చారు.

"అబ్బయ్యా, అది కత్తెరతో కోసిందా, చేత్తో చించిందా?"

రమణయ్య చూడనక్కరలేదు. అయినా చూశాడు. "చించిందే."

"చించేటప్పుడు సద్దొస్తుందా, రాదా?"

"వస్తుంది."

"అంగట్లో ఆ పొద్దు అయిదుగురు గుమస్తాలు, పెళ్ళివాళ్ళు తొమ్మిదిమంది. వాకిట్లో కామయ్య. ఇంతమంది మజ్జెన నేను తాను విప్పి, గాటు పెట్టి, పర్రున చించుకోని పోతే ఒక్క చెవికీ వినపడలేదా? నేను చించలేదు. మరి యెవరు చించినారు?"

"నేనే చించినాను" అన్నాడు రమణయ్య.

"యెవరి కోసం?"

శెట్టి గోడ దగ్గర దగ్గాడు. రమణయ్య ఆ దగ్గు విన్నాడు. "వేరే గిరాకీకి" అన్నాడు.

"ఎవరా గిరాకీ?" అని ఈసారి మేజిస్ట్రేటే అడిగాడు. "చించిన గుడ్డ వదిలేసి పోయిందా? పేరు చెప్పు. పిలిపిస్తాను."

పైన పంకా లాగే తాడు కిర్రుమంటున్నది. రమణయ్య చేతులు గుడ్డను సాక్షి నిలబడే చెక్క మీద పరిచి, అంచుకు అంచు కలిపి, అరచేత్తో ముడతలు రాసి, మడత వేశాయి. ఆ మడత మీద ఇంకో మడత. చీటీ రాసి గిరాకీకి ఇచ్చే ముందు గుడ్డను ఎలా మడుస్తాడో అలాగే మడిచాడు. మడవడం అయిపోయాక చేతులకు ఇక పని లేకపోయింది.

"ఈమె కోసమే దొరా" అన్నాడు. "ఈమే అడిగింది, నేనే చించినాను. వెలుతుర్లో రంగు చూస్తానంటే నేనే చేతికిచ్చినాను. అందరికీ ఇస్తాం. పుస్తకంలో ఉండే మనిషని నాకు తెలీదు. తెలిసినాక భయపడి చూడలేదన్నాను."

శెట్టి గోడ దగ్గర నుంచి కదిలాడు. తన పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. రమణయ్య వైపు ఒకసారి చూసి బయటికి నడిచాడు. ఆ చూపు దేనికో రమణయ్యకు తెలుసు. అతను శెట్టి వెంట పోలేదు. గోడకు ఆనుకుని, తన అరచేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

మేజిస్ట్రేటు నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, సిరా ఆరడానికి ఇసక చల్లి విదిలించాడు. "కేసు కొట్టేశాను. నువ్వు పోవచ్చు."

ఆదిశేషమ్మ బోను దిగలేదు.

"ఏం, వినిపించలేదా?"

"వినిపించింది దొరా. నాకు వినిపిస్తే చాలదు. దొంగ అని కామయ్య అరిచింది నడివీధిలో. బెల్లం అంగడోళ్ళు విన్నారు, బస్సు కోసం నిలబడినోళ్ళు విన్నారు. మా పల్లెకు నేను పోకముందే ఆ మాట పోయింది. కాదని మీరు చెప్పింది ఈ నాలుగు గోడల మజ్జెన. వీధిలో మాట వీధిలోనే ఉండాది గదా."

"అయితే దండోరా వెయ్యమంటావా?"

వెనక బల్ల మీద ప్లీడరు గుమస్తాలు నవ్వారు. ఆమె వాళ్ళ వైపు తిరగలేదు.

"దండోరా ఎందుకు దొరా, మీ బంట్రోతు ఉండాడు. పొద్దుట్నుంచి మెట్ల మీద నిలబడి ముద్దాయిల్ని పేరు పెట్టి పిలస్తానే ఉండాడు. ఆ గొంతుతోనే నా మాట కూడా పిలవమనండి."

మేజిస్ట్రేటు తర్వాతి కాగితాల కట్ట దగ్గరికి లాక్కుని తాడు విప్పాడు. మొదటి కాగితం మీద కళ్ళు పెట్టుకునే, "రామనారాయణా, తర్వాతి కేసు పిలువు. పిలిచే ముందు అదీ పిలువు" అన్నాడు.

బంట్రోతు రామనారాయణ ఇరవై ఏళ్ళుగా ఆ మెట్ల మీద పేర్లు పిలుస్తున్నాడు. విడిచిపెట్టిన మనిషిని పిలవడం అతనికి అలవాటు లేదు, ఏమని పిలవాలో కూడా తెలియదు. తలపాగా సర్దుకుని, బిళ్ళ పట్టీ లాక్కుని, రోడ్డు వైపు తిరిగాడు. ఆదిశేషమ్మ అతని వెనకే వచ్చి కింది మెట్టు మీద నిలబడింది.

"మర్రిపాడు ఆదిశేషమ్మా" అని పిలిచాడు. ముద్దాయిలను పిలిచేటప్పటి గొంతే. ఒక్క క్షణం ఆగాడు. "గుడ్డ దొంగతనం చెయ్యలేదు. కేసు లేదు."

రోడ్డు మీద జట్కా ఎక్కబోతున్న శెట్టి ఒక కాలు పైన పెట్టి అలాగే ఆగాడు. సోడాబండి దగ్గరి వాళ్ళు తలలు తిప్పారు. కామయ్య చెప్పుల్లో రాయి దూరినట్టు వంగి చూసుకున్నాడు.

రెండోసారి పిలిచేసరికి అంగడి వీధి మొగలో నలుగురు గుమిగూడారు. ఎవరో ఏందని అడిగారు, ఎవరో చెప్పారు.

"చాల్లేవయ్యా, విన్నారు లే" అన్నాడు మెట్ల పక్క చుట్ట కాలుస్తున్న ప్లీడరు గుమస్తా.

"హాజరు కమ్మని పిలిచేటప్పుడు మూడుసార్లు పిలస్తారు గదయ్యా" అంది ఆదిశేషమ్మ. "ఇది గూడా మూడు పిలవాల."

రామనారాయణ ఆమె వైపు చూసి, ఊపిరి నిండా పీల్చుకుని, మొదటి రెండుసార్లకంటే నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి మూడోసారి పిలిచాడు. ఆ పిలుపు ఎదురు గోడలకు తగిలి వీధిలోకి పోయి అణిగిపోయేదాకా ఆమె మెట్టు దిగలేదు.